వట్టికాళ్ల మొక్కు

ఫిబ్రవరి 3, సోమవారం

సూటు బట్ట కొన్నోళ్లకు మా షోరూమ్‌ల ఊకె ఇచ్చే డైరీ ఇది. మిగిలిపోతె స్టాఫ్‌కు తలా ఒకటి పంచిండ్రు. నాకేం రాసేది ఉన్నదని బీరువ మీద పడేసిన. ఇయ్యాల దుమ్ము దులిపి తీసిన. ఇంట్ల చెప్తె నా పెండ్లాం నాగేశ్వరి ఫికర్ పడతది. షాపుల చెప్తె నర్సయ్య ముసలోడైండంటరు. కాయితమైతె నోరు మూసుకొని ఇంటది.

మడిమె నొప్పి, ఎడమ కాలుది. పొద్దుగాల మంచం దిగి మొదటి అడుగు ఏస్తె సీస పెంకు మీద కాలు పెట్టినట్టు. దాని మీదికెళ్లి మోకాళ్లు, మోకాళ్ల మీదికెళ్లి నడుము. పంజాగుట్టల ఇరవై ఏడేండ్ల సంది నిలవడే ఉన్న. పెండ్లి పిల్లగాండ్లకు షేర్వానీలు తొడుగుడు నా పని. ఫ్లోర్ మీద కూసుంటె తప్పు, గోడకు ఆనితె తప్పు. నల్ల తోలు బూట్లు, ముక్కు సన్నగ ఉండాలె, మెరవాలె. లోపల ఐదు వేళ్లు ఏం గతి పట్టినా ఎవ్వలకు కావాలె.

మా మేనేజర్ రాకేశ్ సార్ ఇయ్యాల పక్కకు పిలిచిండు. "నర్సన్నా, కుంటుతున్నవేంది? కస్టమర్ చూస్తె మంచిగుండది. నిలవడుడు కాకపోతె చెప్పు, ఎర్రగడ్డ గోదాంల జాగ ఉన్నది" అన్నడు. నేను ఈ షాపుల చేరిననాడు వీనికి లాగు కట్టుకునుడు రాదు.

గోదాంకు పోయినోడు మల్ల ఫ్లోర్ మీదికి వచ్చింది నేను చూడలే. అట్టపెట్టెలు, ఎలుకలు, దుమ్ము. పోను. చచ్చినా పోను.

ఫిబ్రవరి 8, శనివారం

శ్రీనగర్ కాలనీకెళ్లి ఒక పెండ్లి పిల్లగాడు వచ్చిండు. ట్రయల్ కోసమని బూట్లు ఇడిస్తె వాటిని చూసి పరేశాన్ అయిన. మడిమె ఎత్తు లేదు. అడుగున మెత్త లేదు. ముంగట బాతు కాలు లెక్క ఎడల్పు. చేతులకు తీసుకుంటె తువాల మడతవడ్డట్టు మడతవడ్డది.

"ఇవేం బూట్లు బాబూ?"

"బేర్‌ఫుట్ షూస్ అంకుల్. ఏసుకున్నా వట్టికాళ్ల లెక్కనే ఉంటది. నాకు నడుము నొప్పి ఉండె, పోయింది. మనం కాళ్ల కింద మెత్తలు పెట్టి పెట్టి వాటిని సోమరిపోతులను చేసినం. వాటి పని వాటిని చేయనియ్యాలె."

ఛాతీ కొలత రాసుకునుడు మర్చిపోయిన. ఫోన్ చేసి మల్ల అడిగిన, సిగ్గయింది.

ఫిబ్రవరి 15, శనివారం

బిడ్డ హైందవికి చెప్తె ఫోన్ల ఆర్డర్ పెట్టింది. మస్తు రేటు. నాగేశ్వరి ఇన్నది. "వట్టికాళ్లతోని నడుచుడు ఊకనె అయితది గద. దానికి గిన్ని పైసలు పెట్టి బూట్లెందుకు? మా అవ్వ బతుకంత వట్టికాళ్లే నడిచింది, ఆమెకు ఎవ్వలిచ్చిండ్రు పైసలు?"

ఆమెకు ఎనిమిదేండ్ల సంది సుగరు. అరికాళ్లు తిమ్మిరి. పండుకునెముంగట రోజు ఒక్కతీరె అంటది: "నీకు నొప్పి, నాకు తిమ్మిరి. ఇద్దరివి కలిపినా ఒక్క మంచి కాలు కాదు." నవ్వుతది. నేను సుత నవ్వుత.

ఫిబ్రవరి 19, బుధవారం

వచ్చినయ్! నల్లటియే, ప్యాంటు కింద ఎవ్వలకు తెల్వది. పదకొండు గంటలు ఏసుకున్న. షాపుల మార్బులు చల్లగున్నదన్న సంగతి ఇరవై ఏడేండ్లకు తెలిసింది నాకు.

ఫిబ్రవరి 20, గురువారం

పిక్కలు. లెవ్వరాలే. సెలవు పెట్టిన.

ఫిబ్రవరి 21, శుక్రవారం

డబ్బల వచ్చిన కాయితం హైందవి చదివి ఇనిపించింది. మొదలు రోజుకు అర్ధగంటనే అంట. "డాడీ, నువ్వు ఒక్కరోజులనె పదకొండు గంటలా? ఇరవై ఏడేండ్లు పని చెప్పకుంట పడావు పెట్టిన కాళ్లు నీయి." బిడ్డతోని గిట్ల మాటలు పడాలె. సరె, అర్ధగంటనే.

మార్చి 15, శనివారం

ఇయ్యాల మంచం దిగి వంటింట్లకు పోయి నీళ్లు తాగి వచ్చి కూసున్నంక యాదికొచ్చింది. నొప్పి లేకుండె. మల్ల లేచి నడిచి చూసిన. లేదు. హాల్ల నాలుగు సార్లు తిరిగిన. నాగేశ్వరి చాయ్ పట్టుకొని నిలవడి చూస్తుంది. "ఏమయ్యా, ఏం పోగొట్టుకున్నవ్?" అన్నది.

ఆమె పోయేదాక ఆగి కండ్లు తుడుచుకున్న.

మార్చి 25, మంగళవారం

షోరూమ్ ఓనర్ సేఠ్ వచ్చిండు. ఎవ్వల మొఖం చూడలే, సక్కగ నా కాళ్లు చూసిండు. రాకేశ్ సార్‌ను పిలిచి ఏదో అన్నడు. సాయంత్రం నన్ను పిలిచిండ్రు.

"నర్సన్నా, అవి బూట్లా సాక్సులా? రేపటికెళ్లి తోలు బూట్లు. లేకపోతె గోదాం. నా చేతుల లేదన్నా, సేఠ్ మాట."

మెట్ల కింద మా ఆల్టరేషన్ మాస్టర్ మెహబూబ్ కూసుంటడు. ఈ షాపుల కూసునే హక్కు ఆయన ఒక్కనికే, మిషన్ ఉన్నది గద. రంజాన్ రోజా పట్టి నోరెండి ఉన్నడు పాపం. ఐనా నా ముచ్చట మొత్తం ఇన్నడు. "నర్సన్నా, గోదాం పోతె ఏమైతది? తన్ఖా గంతనే గద. కాళ్లు బతుకుతయ్."

వానికేం ఎరుక. ఫ్లోర్ మీద నన్ను చూసి తండ్రి పెండ్లికి కొన్నోళ్లు కొడుకు పెండ్లికి మల్ల వస్తరు. నర్సయ్య ఎక్కడ అని అడుగుతరు. గోదాంల ఎవ్వడు అడుగుతడు?

మార్చి 29, శనివారం

తోలు బూట్లు. నాలుగోరోజు. నొప్పి వచ్చింది, పాత చుట్టం లెక్క సక్కగ వచ్చి దాని జాగల అది కూసున్నది.

ఏప్రిల్ 4, శుక్రవారం

మోకాళ్లు సుత. రాకేశ్ సార్ నా నడకనే చూస్తుండు.

ఏప్రిల్ 7, సోమవారం

ఒక ఆలోచన వచ్చింది. రాస్తె తప్పయితదేమో.

కార్తీకంల మా క్యాష్ కౌంటర్ సురేందర్ అయ్యప్ప మాల ఏసుకున్నడు. నలభై ఒక్క రోజులు వట్టికాళ్లతోని షాపుల తిరిగిండు. గడ్డం, నల్లబట్టలు. ఎవ్వడన్న నోరు మెదిపిండా? సేఠ్ సుత "స్వామీ, స్వామీ" అనుకుంట పక్కకు జరిగిండు. ఇప్పుడు చైత్రం. శనివారం చిన్న హనుమాన్ జయంతి. ఆంజనేయ దీక్ష మాలలు పడేది గప్పుడే. పెద్ద జయంతికి కొండగట్టుకు పోయి తీస్తరు. నలభై ఒక్క రోజులు.

నేనేం నాస్తికున్ని కాదు. నాకు సుత భక్తి ఉన్నది. ఎన్నడన్న ఏసుకోవాలెనని ఉండనే ఉండె.

ఏప్రిల్ 12, శనివారం

మాల పడ్డది. తెల్లారంగ చన్నీళ్లు, కాషాయం బట్టలు, మెడల మాల, నుదుట సింధూరం. గురుస్వామి "ఏం కోరుకొని ఏసుకుంటున్నవ్?" అని అడగలే. బతికిపోయిన.

నాగేశ్వరి అడిగింది. "ఉన్నట్టుండి మాలేంది? నాకు సుత చెప్పకుంట మొక్కినవా?"

"నొప్పులు పోవాలని మొక్కిన."

అబద్ధం కాదు గద ఇది. నొప్పులు పోవాలనే.

ఆమె కండ్లల్ల నీళ్లు. వంగి నా కాళ్లు మొక్కింది. దీక్షల ఉన్నోళ్లను ఇంట్లోళ్లు మొక్కుతరు, రివాజే. "అయితె నేను సుత మొక్కుకుంట స్వామీ" అన్నది. ఏం మొక్కిందో చెప్పలే. నేను అడగలే.

ఏప్రిల్ 14, సోమవారం

మార్బులు మీద వట్టికాళ్లు! రాకేశ్ సార్ నన్ను చూసి రెండు చేతులు జోడించిండు. "స్వామీ, ముందే చెప్తె పూలదండ తెప్పిస్తుంటి." ఎవ్వడు నన్ను గోదాంకు పంపేటోడు? అందితె జుట్టు, అందకపోతె కాళ్లు.

ఏప్రిల్ 19, శనివారం

నొప్పి తగ్గుతుంది. ఒక పెండ్లోళ్లు షేర్వానీ నా చేతికిచ్చి "స్వామీ, మీ చేత్తోని తొడగుండ్రి, శుభం" అన్నరు. పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించమన్నరు. పెట్టిన. ఏమనాలె మరి?

మెహబూబ్ ఒక్కడు స్వామి అనడు. దారం కొరుక్కుంట అడిగిండు. "నర్సన్నా, దిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు. భక్తినా, బూట్ల బాధనా?"

"రెండు" అన్న.

"ఎంతెంత?"

కస్టమర్ పిలిచినట్టు నటించి వచ్చేసిన.

ఏప్రిల్ 24, గురువారం

దీక్షల ఒక్కపూటనే భోజనం. నాగేశ్వరి చేతి వంటనే తినాలె. మధ్యాహ్నం ఇంటికి వచ్చి తిని మల్ల పోతున్న. అమీర్‌పేటల మా ఇంటి నుంచి పంజాగుట్ట దాక డాంబర్ రోడ్డు పెనం లెక్క కాలుతుంది. ఇయ్యాల ఎగిరెగిరి నడిచిన, జనం చూసిండ్రు.

ఏప్రిల్ 25, శుక్రవారం

వట్టికాళ్ల బూట్లు సంచిల పెట్టుకున్న. సందు మలిగినంక మెట్రో పిల్లరు ఎనుక తొడుక్కున్న. షాపు ముంగటి సందుల ఇడిసిన.

తప్పు లేదు. అవి ఉన్నా లేనట్టే గద. ఆ పిల్లగాడే అన్నడు, ఏసుకున్నా వట్టికాళ్ల లెక్కనే అని.

ఏప్రిల్ 29, మంగళవారం

నాగేశ్వరి మూడున్నరకే లేస్తుంది. స్నానం, పూజ, నాకు ఏరుగ గిన్నెలు, ఏరుగ వంట. నేను తిన్నంకనే తింటది. సుగరు మనిషి, గంతసేపు కడుపు మాడ్చుకునుడేందే అంటె "స్వామి తినకుంట నేనెట్ల తింట" అన్నది.

ఆమె చెప్పులు తలుపు కాడనే ఉంటున్నయ్, ఎప్పుడు చూసినా.

మే 2, శుక్రవారం

మధ్యాహ్నం తిని, మెట్రో మెట్ల కింద నీడకు జరసేపు కూసొని బూట్లు తొడుక్కుంటున్న. తలెత్తితె రోడ్డుకు ఆ పక్క నాగేశ్వరి. నెత్తి మీద కొంగు, చేతుల కొబ్బరికాయ. కాళ్లకు చెప్పులు లేవు. రెండున్నర ఎండ. అందరు నీడకు ఉరుకుతుంటె ఆమె నిమ్మలంగ నడుస్తుంది, కాళ్లకు ఏం తెల్వనట్టె.

పిలుద్దామనుకున్న. నా కాళ్లకు బూట్లున్నయ్. పిల్లరు ఎనుకకు జరిగిన, తేలు కుట్టిన దొంగ లెక్క.

హనుమాండ్ల గుడికి పోతుండొచ్చు. గుడికి వట్టికాళ్లతోనె పోతరు గద.

మే 4, ఆదివారం

గచ్చు మీద అక్కడక్కడ ఎర్రగ మరకలు. సింధూరం. నేను పెట్టుకునేటప్పుడు రాలినదాన్ని తొక్కుకుంట తిరుగుతున్నం. తుడ్వమని చెప్పిన.

మే 6, మంగళవారం

మల్ల మరకలు. దేవుని అర్ర నుంచి వంటింటి దాక.

"గిట్లనేనా సింధూరం తొక్కేది? పాపం తగుల్తది" అన్న. స్వామి గొంతుతోని అన్న. ఈ నడుమ నాకు గదొక గొంతు వచ్చింది.

"కావచ్చు స్వామీ, చూసుకోలే" అని వంగి పాత గుడ్డతోని తుడిచింది.

నా మడిమె మాత్రం మస్తుగున్నది. నడుము సుత. ఎవ్వలకు చెప్పాలె ఈ సంతోషం?

మే 8, గురువారం

మరకలు.

మే 10, శనివారం

సింధూరం కాదు.

పొద్దుగాల హైందవి తల్లి చీర అంచు మీద మరక చూసింది. కూసోపెట్టి కాలు ఎత్తి చూసి మొత్తుకున్నది. నేను పూజల ఉన్న. ఉరికి వచ్చిన. కుడి అరికాలు మడిమె కాడ బొబ్బ పగిలి రూపాయి బిళ్లంత పుండు. లోపల నల్లగ. చీము. నెత్తురు. ఎడమకాలికి సుత బొబ్బలు.

నాగేశ్వరి మా ఇద్దరి మొఖాలు చూస్తుంది. "ఏమైంది? నొప్పి లేదు గద నాకు" అంటది.

నొప్పి లేదంట.

ఆటోల దవాఖానకు పోయినం. డాక్టర్ సూది తీసి అరికాలి మీద గుచ్చి "తెలుస్తుందా అమ్మా?" అన్నడు. ఆమె "ఏం సార్?" అన్నది. సుగరుతోని అరికాళ్లకు స్పర్శ పోయింది, రోడ్డు మీద కాలింది సుత తెల్వలే అన్నడు. ఇంకో పదిరోజులు ఆగుంటె వేళ్లు తీసుడుతోని ఆగకపోతుండె, కాలు తీసేదాక పోతుండె అన్నడు. కోసి కట్టు కట్టిండు. నడుచుడు తక్కువ. నడిస్తె ఎంసీఆర్ చెప్పులు, సుగరోళ్లకు చేసె మెత్తటియి. రోడ్డు మీదనే కాదు, ఇంట్ల సుత, వంటింట్ల సుత. వట్టికాలు గచ్చుకు తగులొద్దు.

తర్వాత నన్ను చూసిండు, మాల, గడ్డం. "స్వామీ, మీరెందుకు చూసుకోలే?"

చూసిన. నేను చూసిన. పిల్లరు ఎనుక నిలవడి చూసిన.

మే 11, ఆదివారం

చెప్పులు కొనుకొచ్చి ముంగట పెట్టిన. ఏసుకోదు.

"కొండగట్టుకు పోయి నువ్వు మాల తీసేదాక చెప్పులు తొడగనని మొక్కిన" అన్నది. "నువ్వు నొప్పులు పోవాలని మాల ఏసుకుంటివి. నేను నీ కాళ్లు మంచిగైతె జయంతి దాక వట్టికాళ్లతోని రోజు పదకొండు ప్రదక్షిణలు చేస్తనని హనుమంతునికి మాటిచ్చిన. నీకు బువ్వ పెట్టి, గిన్నెలు తోమి పోతుంటి. గా యాళ్లకు గుడి తలుపులు మూసి ఉంటయ్, బయటికెళ్లే తిరుగుతుంటి."

హైందవి తిట్టింది, ఏడ్చింది. "అమ్మా, కాలు తీసేస్తరే" అన్నది. "ఇంక పదకొండు రోజులే గద బిడ్డ" అంటది ఈమె.

హైందవిని బయటికి పంపిన. తలుపు ఏసి మొత్తం చెప్పిన. సేఠ్ సంగతి, గోదాం సంగతి, సురేందర్ మాల చూసి ఎట్ల ఆలోచన వచ్చిందో. సంచిల బూట్లు తీసి చూపెట్టిన. మెట్రో కింద ఆమెను చూసి దాసుకున్నది సుత చెప్పిన. "నాది దొంగ దీక్షనే, నాగేశ్వరీ. భక్తి కాదు పాడు కాదు. నీ మొక్కు చెల్లదు. ఏసుకో."

నా బూటు ఒకటి చేతులకు తీసుకొని అటు ఇటు మలిపి చూసింది. కొడతదేమో అనుకున్న. కొడితె బాగుండు.

"నీ నొప్పి తగ్గిందా, లేదా?" అన్నది.

"తగ్గింది. కానీ అది…"

"తగ్గిందా లేదా చెప్పు."

"తగ్గింది."

"నీది దొంగ దీక్ష అయితె నువ్వు ఆయనకు చెప్పుకో. నాది దొంగ మొక్కు కాదు. నీ కాళ్లు మంచిగ చేయమన్న, చేసిండు. ఇప్పుడు నేను మాట తప్పాల్నా?"

బూటు కింద పెట్టి, గోడ పట్టుకొని, కట్టు కట్టిన కాలుతోనె వంటింట్లకు పోయింది. స్వామికి బువ్వ యాళ్లయిందంట. నేను దొంగనని చెప్పినంక సుత నాకు బువ్వ వండింది. ఆ ముద్ద మింగరాలే.

మే 12, సోమవారం

గురుస్వామి కాడికి పోయిన. అంతా చెప్పిన. కొండగట్టు దాక పోకుంట మాల తీస్తె దోషమా అన్న.

"ఇంట్ల ఆమె కాలు అట్లుంటె ఇంకేం మాలయ్యా నర్సయ్యా, తే ఇటు" అని ఆయననే తీసిండు. తీసి కండ్లకద్దుకొని స్వామి పాదాల కాడ పెట్టిండు. నన్ను తిట్టలే. ఎవ్వలు తిడుతలేరు నన్ను.

మెడల మాల లేకున్నా నాగేశ్వరి చెప్పులు ఏసుకోలే, జయంతి దాక అని మాటిచ్చినంటది. నాకు నొప్పి ఉంటె ఆమెకు మొక్కు లేదు. ఆమె మాట గంతనే గద?

మంచం కిందికెళ్లి తోలు బూట్లు తీసిన.

మే 13, మంగళవారం

పంజాగుట్ట దాక నడిచే పోయిన, నడిచే వచ్చిన. ఫ్లోర్ మీద పదకొండు గంటలు. గడ్డం గీసుకొని బూట్లేసుకొని పోతె రాకేశ్ సార్ నోరు తెరిచిండు. "స్వామీ, అప్పుడే అయిందా?" "అయింది" అన్న.

నొప్పి లేదు.

మే 14, బుధవారం

లేదు! మూణ్నెల్లల్ల గట్టిపడ్డయ్ గావచ్చు దిక్కుమాలిన కాళ్లు. వద్దన్ననాడు వచ్చింది, రమ్మంటె రాదు. రాత్రి ఎనిమిదిన్నరకు పర్మిషన్ పెట్టి లక్డీకాపూల్ దాక నడిచిన. కాలు నేలకేసి కొట్టుకుంట నడిచిన. ఫుట్‌పాత్ మీద ఒకామె "తాగినట్టున్నడు" అన్నది పక్కామెతోని.

ఇంట్ల గచ్చు మీద నాగేశ్వరి వట్టికాలు. కట్టు అడుగున మాసింది. హైందవి సెలవు పెట్టి కూసున్నది. తల్లి బిడ్డ మాట్లాడుకుంటలేరు.

మే 15, గురువారం

మెహబూబ్‌ను అడిగిన. "భాయ్, ఈ బూట్ల మడిమె కాడ ఏదన్న గట్టిది పెట్టి కుట్టియ్యరాదు?" ఎందుకని అడగలే. నా మొఖం చూసిండు. తోలు ముక్క మడత పెట్టి, మీదికెళ్లి ఇంకోటి పెట్టి కుట్టిండు. ఇచ్చేటప్పుడు "అల్లా మాఫ్ చెయ్యాలె నన్ను, జిందగీల బట్ట సక్కగ చేసినోన్ని, మొదటిసారి మనిషిని ఖరాబ్ చేస్తున్న" అన్నడు.

వచ్చేటప్పుడు ఎర్రగడ్డ దాక పోయి మల్ల అమీర్‌పేట వచ్చిన.

మే 16, శుక్రవారం

తెల్లారంగ మంచం దిగి ఎడమకాలు కింద పెట్టిన.

వచ్చింది. మడిమె నుంచి పిక్క దాక సుర్రుమని పోయింది. మంచం పట్ట పట్టుకొని నిలవడ్డ. నవ్వొచ్చింది, ఎంత సంబురమైందో కాయితానికి సుత చెప్పలేను. బతుకుల నొప్పి వచ్చిందని దండం పెట్టినోన్ని నేనొక్కన్నే కావచ్చు.

కుంటుకుంట పోయి నాగేశ్వరి ముంగట కూసున్న. "నొప్పి మల్ల వచ్చింది. ఇగ నీ మొక్కు లేదు" అన్న.

నమ్మలే. నా కాలు పట్టుకొని మడిమె మీద బొటనవేలుతోని ఒత్తింది. నేను పెట్టిన కేకకు పక్కింటోళ్లు తలుపు తీసిండ్రు.

మడిమె మీద బూటు కొరికిన పుండ్లు చూసింది. వాచిన వేళ్లు చూసింది. మూలకున్న తోలు బూట్లు చూసింది. లేచిపోయి వాటిల్ల చెయ్యి పెట్టి మెహబూబ్ కుట్టిన ముక్క దొరకబట్టింది.

"ఎంత దూరం నడిచినవ్?"

"ఎర్రగడ్డ దాక" అన్న.

"దేవుడు ఇచ్చినదాన్ని నువ్వు తిప్పి పంపుతవా? నీ అసొంటోన్ని ఎక్కడ చూడలే" అన్నది. ఏడుస్తుంది. ఏడ్చుకుంటనె మంచం మీద కూసొని, కాలు ముంగటికి చాపింది.

ఎంసీఆర్ చెప్పు పట్టీ ఎట్ల పెట్టాల్నో నా చేతులకు తెల్వలే. ఎందర్నో పెండ్లి పిల్లగాండ్లను తయారు చేసిన చేతులు. "కట్టుకు తగులకుంట పెట్టు" అన్నది. పెట్టిన. తర్వాత రెండోది.

లేచి హాల్ల నాలుగడుగులు ఏసింది. టప్, టప్, టప్. హైందవి గుమ్మం కాడ నిలవడి చూసుకుంట ఏడుస్తుంది.

మే 22, గురువారం

పెద్ద హనుమాన్ జయంతి. ఇంట్లనే ఉన్నం. పుండు ఎర్రగ మంచి రంగుకు వచ్చిందంట, డాక్టర్ అన్నడు.

మే 27, మంగళవారం

రాకేశ్ సార్ కాడికి నేనే పోయిన. గోదాంకు రాయుమన్న. "గంత కోపమేంది నర్సన్నా, ఎవ్వలేమన్నరు?" అన్నడు. కోపం లేదన్న. నిలవడుడు చాలైంది, ఇంటికి జల్ది పోవాలె, నాగేశ్వరికి కట్టు మార్చాలె అన్న. వాడు కుర్చీ చూపెట్టిండు. ఆ షాపుల మొదటిసారి కూసున్న.

ఫ్లోర్ దిగుతుంటె, అబద్ధమెందుకు, మస్తు బాధైంది. అద్దం ముంగట ఒక పిల్లగాడు షేర్వానీ గుండీలు తప్పుగ పెట్టుకుంటుండె. పోయి సక్కగ పెట్టి వచ్చిన.

జూన్ 2, సోమవారం

ఎర్రగడ్డ గోదాం. ఎలుకలు ఉన్నయ్, నేను అనుకున్నన్ని లేవు. వట్టికాళ్ల బూట్లు ఏసుకొని పోయిన. మొదలు అర్ధగంట, కాయితంల రాసినట్టు. ఎవ్వలు నా కాళ్లు చూడలే.

జూన్ 9, సోమవారం

నాగేశ్వరి అంతట చెప్పులతోనె తిరుగుతుంది గానీ దేవుని అర్ర గడప కాడికి పోంగనె అలవాటుగ ఇడుస్తుంది. దేవుని ముంగట చెప్పులా అంటది. ఎంత చెప్పినా ఇంటలేదు. నిన్న ఆదివారం పటాలన్ని తీసి మంచం ఎదురుంగ గోడకు మేకులు కొట్టి తగిలిచ్చిన. ఇప్పుడు మంచం మీద కాళ్లు ముడుచుకొని కూసొని మొక్కుతుంది. "నేను ఆయన కాడికి పోవాలె గానీ ఆయనను నా కాడికి తెస్తివి" అని గునిసింది. గునుసుకుంటనె దీపం అందిచ్చుమన్నది.

డాక్టర్ చెప్పిన పని ఒకటి నాది. రోజు పొద్దుగాల ఆమె అరికాళ్లు చూడాలె. ఆమెకు తెల్వది గనుక నేనే చూడాలె. ఎక్కడన్న ఎర్రగున్నదా, గీసుకున్నదా, వేళ్ల నడుమ తడి ఉన్నదా. కిటికీ కాడ ఎలుగుకు కూసోపెట్టి, నేను గచ్చు మీద కూసొని, కాలు ఒడిల పెట్టుకొని చూస్తున్న.

ఇయ్యాల సుత గట్లనే చూస్తుంటె పైకెళ్లి నవ్వింది. "మొక్కుడు అయిందా స్వామీ?" అన్నది.

"కాలే. రెండో కాలు ఇయ్యి" అన్న.